చదువు గదికి ఏడో రూలు

చదువు గది తెరిచి పదకొండు నెలలయింది. గది బయట మేకుకి వేలాడే రిజిస్టర్‌లో ఈ పదకొండు నెలల్లో నలభై మూడు సంతకాలు పడ్డాయి. అందులో ముప్ఫై ఒకటి గదిని చూసిపోవడానికి పై నుంచి వచ్చిన అధికారులవి. చదువుకోవడానికి వచ్చినవాళ్లవి పన్నెండు. ఆ పన్నెండులో తొమ్మిది ఒకే అమ్మాయివి.

ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ ప్లీడరు అంటారు. గోడకి ఏ కాగితం అంటించినా చివరి పంక్తి దాకా చదివి, మర్నాడు వార్డెన్ ముందు నిలబడి ప్రశ్న వేస్తుంది. అందుకని ఆ పేరు.

అది అనాథాశ్రమాల్లో పెరిగి, పద్దెనిమిది నిండి, బయటికి వచ్చినవాళ్లు ఉండే ఇల్లు. ఇరవై ఒకటి నిండేదాకా ఉండొచ్చు. ఆలోగా ఉద్యోగమో చదువో చూసుకుని సొంతంగా బతకడం నేర్చుకోవాలి. మూడంతస్తులు, ఏడు గదులు, గదికి ఇద్దరు. ఒక వార్డెన్, ఒక డ్యూటీ మనిషి. వీళ్లందరికీ పైన, ఊరి మధ్యలో ఒక ఆఫీసు ఉంది. ఇంట్లో దాన్ని పై ఆఫీసు అంటారు.

ఒకప్పుడు కింది అంతస్తులో పాత పరుపులు పడేసే గది ఒకటి ఉండేది. దాన్ని ఖాళీ చేయించి చదువు గదిగా మార్చడానికి వార్డెన్ రెండేళ్లు పై ఆఫీసు చుట్టూ తిరిగింది. పన్నెండడుగులు, పదడుగులు. ఆరు బల్లలు, రెండు కంప్యూటర్లు, ఒక పుస్తకాల అర. తలుపు మీద ఇత్తడి పలక. దాని కింద పై ఆఫీసు పంపిన రూళ్ల కాగితం. గది ఉదయం తొమ్మిదికి తెరుస్తారు, సాయంత్రం అయిదుకి మూస్తారు. శని, ఆదివారాలు సెలవు. ఇంట్లో ఉన్న పధ్నాలుగు మందిలో పదకొండు మంది ఆ వేళల్లో పనిలో ఉంటారు.

ప్లీడరు కూడా అంతే. ఆమెకి ఇరవై ఏళ్ల ఏడు నెలలు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు తుడుస్తుంది, ఫ్రేములకి స్క్రూలు బిగిస్తుంది, వచ్చినవాళ్లని వరసలో కూర్చోబెడుతుంది. ఆదివారం దుకాణం ఉండదు. అది కాక వారానికి ఒక రోజు, మంగళవారం, సెలవు. రిజిస్టర్‌లో ఆమె సంతకాలన్నీ మంగళవారాలవే. కంటి పరీక్షలు చేయడం నేర్పే కోర్సు ఒకటుంది. రెండేళ్లు. ఉండడానికి గది కాలేజీయే ఇస్తుంది. ఇరవై ఒకటి నిండిన రోజు ఈ ఇల్లు ఖాళీ చేయాలి. సీటు వస్తే పెట్టె పట్టుకుని అక్కడికి వెళ్తుంది. రాకపోతే పెట్టె పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో ఆమెకి తెలియదు.

సీటుకి ప్రవేశ పరీక్ష ఉంది. ఎనభై ప్రశ్నలు, రెండు గంటలు, ఎవరింట్లో వాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని రాయాలి. పరీక్ష బోర్డు పంపిన కాగితంలో ఇలా ఉంది: అభ్యర్థి గదిలో ఒంటరిగా ఉండాలి. తలుపు మూసి ఉండాలి. మరో మనిషి కెమెరాలో కనిపించినా, గొంతు వినిపించినా పరీక్ష రద్దవుతుంది.

తన గదిలో రాయడం కుదరదు. గదిలో ఆమెతో ఉండే అమ్మాయి పేరు రేడియో. రేడియో ఉద్యోగం ఫోన్లో జనం ఫిర్యాదులు వినడం. హెడ్‌ఫోన్ తగిలించుకుని మంచం మీదే కూర్చుని చేస్తుంది, రోజుకి ఎనభై కాల్స్. పని అయ్యాక కూడా మాట్లాడుతూనే ఉంటుంది.

చదువు గదిలో రాద్దామంటే అక్కడ ఏడో రూలు ఉంది. గదిలో ఎవరైనా ఒంటరిగా ఉన్నప్పుడు డ్యూటీలో ఉన్న మనిషి ప్రతి అరగంటకూ లోపలికి వెళ్లి, కళ్లారా చూసి, రిజిస్టర్‌లో సంతకం చేయాలి.

ప్లీడరు రెండు కాగితాలూ తీసుకెళ్లి వార్డెన్ బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"మేడమ్, ఒంటరిగా ఉండమని వీళ్లంటున్నారు. ఒంటరిగా వదలం అని మీరంటున్నారు. నేను ఎవరి మాట వినాలి?"

వార్డెన్ రెండూ చదివింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పరీక్షెప్పుడు?"

"వచ్చే గురువారం. పదింటికి."

"ఇంకా తొమ్మిది రోజులుందిగా. రాసివ్వు. పై ఆఫీసుకి పంపిస్తా."

ప్లీడరు రాసిచ్చింది. రెండిట్లో ఒకటి అడిగింది. ఆ రెండు గంటలకి ఏడో రూలు ఆపండి, లేదా తలుపుకి అరచేయంత అద్దం బిగించండి, బయటి నుంచే చూడొచ్చు. కళ్లజోళ్ల దుకాణం పక్కన ఉండే వడ్రంగిని ముందే అడిగి వచ్చింది. పూటలో అయిపోయే పని అన్నాడు. ఆ మాట కూడా రాసింది.

వారం గడిచింది. బుధవారం పని నుంచి వస్తూనే ఆఫీసు గదిలోకి వెళ్లింది.

"జవాబు వచ్చిందా మేడమ్?"

"రాలేదు. నేనున్నాగా, చూసుకుంటాలే. రేపు ఎవర్నీ ఆ ఛాయలకి కూడా పోనివ్వను."

"ఆ ముక్క కాగితం మీద రాసిస్తారా?"

"నీతో నేను వాదించలేనమ్మా. పోయి చదువుకో."

"ఎక్కడ చదువుకోను? గది అయిదింటికే తాళం వేశారు."

 ఆ సాయంత్రం ఆరు కావస్తుండగా పై ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఇలాంటి ఇళ్లన్నిటి వార్డెన్లూ మర్నాడు ఉదయం తొమ్మిదికి సమావేశానికి రావాలి. చర్చించే విషయం: చదువు గదుల వాడకం ఎందుకు తక్కువగా ఉంది.

వార్డెన్ వెళ్లింది. రోజూ ఉండే డ్యూటీ మనిషి ఆ రోజు సెలవులో ఉన్నాడు. ఆయన బదులు వేరే ఇంటి నుంచి ఒకాయన వచ్చాడు. యాభై ఆరేళ్లుంటాయి. ఏ ఇంటికి పంపినా అక్కడి పిల్లలు ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు. వార్డెన్ బస్సులోంచి ఆయనకి ఫోన్ చేసి చెప్పింది. "చదువు గదిలో అమ్మాయి పరీక్ష రాస్తోంది. అస్సలు డిస్టర్బ్ కాకూడదు."

"అలాగే మేడమ్, చీమ చిటుక్కుమననివ్వను" అన్నాడు బాబాయ్.

లోపలికి వెళ్లొద్దు అని ఆమె చెప్పలేదు. అది వేరే చెప్పాల్సిన విషయమని ఆమెకి తోచలేదు.

పది గంటలకి ప్లీడరు తలుపు వేసుకుంది. తలుపుకి బయట కాగితం అంటించింది. పరీక్ష జరుగుతోంది, పన్నెండు దాకా ఎవరూ లోపలికి రావద్దు. తలుపుకి గడియ లేదు. గడియ ఉండకూడదన్నది నాలుగో రూలు.

పదిన్నరకి బాబాయ్ ఆ కాగితం చదివాడు. వరండాలో అటూ ఇటూ నడిచాడు. పిల్లల్లో ఎవరో మెట్లు దిగుతుంటే వేలు పెదవుల మీద పెట్టి సైగ చేశాడు. తర్వాత చెప్పులు విడిచాడు. తలుపు రెక్క కొంచెం పైకెత్తి పట్టుకుని, కీచుమనకుండా తోశాడు. మునివేళ్ల మీద నాలుగడుగులు వేశాడు. ఆమె వీపు కనిపించింది. ముఖం కనిపించలేదు. కళ్లారా చూడడమంటే మనిషి బాగుందో లేదో చూడడం కదా అని ఇంకో రెండడుగులు వేశాడు.

కంప్యూటర్ తెర బూడిద రంగుకి మారింది. గదిలో మరో వ్యక్తిని గుర్తించాము. మీ పరీక్ష రద్దయింది.

ప్లీడరు వెనక్కి తిరిగింది. బాబాయ్ చెయ్యి పైకెత్తి, కానివ్వు అన్నట్టు ఊపాడు.

"రాసుకో తల్లీ. నేను లేననుకో" అన్నాడు, గొంతు తగ్గించి.

అప్పటికి ఆమె ముప్ఫై ఒక్క ప్రశ్నలు రాసింది.

బయటికి వచ్చి బాబాయ్ రిజిస్టర్‌లో సంతకం చేశాడు. పదిన్నర, చూశాను, క్షేమం. అప్పుడు లోపలి నుంచి బల్ల మీద కొట్టిన శబ్దం వినిపించింది.

పరీక్ష బోర్డుకి ఫోన్ కలవడానికి నలభై నిమిషాలు పట్టింది. అవతల ఒకావిడ మాట్లాడింది. తప్పు అభ్యర్థిది కాకపోతే మళ్లీ రాయనిస్తామంది. ఏం జరిగిందో మీరు ఉండే సంస్థ రాసివ్వాలి, దాని మీద ముద్ర ఉండాలి, రేపు సాయంత్రం అయిదుకల్లా మాకు చేరాలి అంది. అభ్యర్థి తప్పు ఉందని తేలితే వచ్చే సంవత్సరమే.

"వచ్చే సంవత్సరం ఈ చిరునామాలో ఉండను" అంది ప్లీడరు.

"చిరునామా మార్చుకోవడానికి వేరే ఫారం ఉందండీ" అంది ఆవిడ.

శుక్రవారం ఉదయం వార్డెన్ పై ఆఫీసుకి ఫోన్ చేసింది. పదకొండింటికి మళ్లీ చేసింది. రెండింటికి అధికారి దొరికాడు. ఏం రాయాలో ఆయనే చెప్పాడు. వార్డెన్ టైపు చేసి ప్లీడరుకి ఇచ్చింది. ప్లీడరు ఆ రోజు పనికి వెళ్లలేదు. రేడియో కూడా హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని గుమ్మంలో నిలబడింది.

ప్లీడరు పైకి చదివింది. "'అభ్యర్థి ముందస్తుగా సిబ్బందికి తగు సమాచారం ఇవ్వనందున, సాధారణ తనిఖీలో భాగంగా...' మేడమ్, నేను చెప్పలేదా?"

"చెప్పావు."

"రాసిచ్చాను. పరీక్షకి తొమ్మిది రోజుల ముందు. ఆ కాగితం మీద మీరే తారీఖు వేశారు."

"వేశాను."

"మరి ఇదేంటి?"

"పై నుంచి ఇలాగే రాయమన్నారు. సంస్థ రూలు వల్ల పరీక్ష పోయిందని రాస్తే అది ఫైలుకి ఎక్కుతుంది. బాధ్యత ఎవరిదంటారు."

"ఇలా రాస్తే బాధ్యత నాది అవుతుంది. నాది అయితే సీటు పోతుంది. వాళ్లు ఫైలు కాపాడుకోవడానికి నా సంవత్సరం పోవాలా?"

"భలే ఉంది వరస" అంది రేడియో గుమ్మంలోంచి. "చెయ్యి విరగ్గొట్టి, కట్టు కట్టించుకోలేదేం అన్నట్టుంది."

"నువ్వు పనికి పో" అంది వార్డెన్.

"నా పనే ఫిర్యాదులు వినడం మేడమ్. వింటున్నా."

వార్డెన్ కుర్చీలో వెనక్కి ఆనుకుంది. "చూడమ్మా. నిన్న ఆ సమావేశంలో మూడు గంటలు కూర్చున్నాను. వాడకం లేని గదుల్ని స్టోరు రూములు చేసేద్దామంటున్నారు. ఇప్పుడు ఈ గొడవ కూడా బయటికెళ్తే ముందు మూసేది మన గదే. దానికోసం నేను రెండేళ్లు తిరిగాను. నీకు తెలుసు."

"తెలుసు. కానీ మూసెయ్యడానికి అది తెరిచి ఉందా మేడమ్? మేం పనిలో ఉన్నప్పుడు తెరుస్తారు. వచ్చేసరికి తాళం వేస్తారు. వాడట్లేదని మళ్లీ మీటింగులు పెడతారు. పరీక్షకని ఒక్కరోజు నేను వాడాను. ఏమైందో చూశారుగా."

టైము మూడు దాటింది. రేడియో వరండాలోకి వెళ్లి బాబాయ్‌కి ఫోన్ చేసింది. ఆయన పనిచేసే ఇల్లు రెండు బస్సుల దూరం. నాలుగుంపావుకి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మం దగ్గరే ఆగాడు.

"నీ పరీక్ష నేనే చెడగొట్టానంట కదా తల్లీ. నిన్నంతా అదే తలకాయలో తిరుగుతోంది."

ప్లీడరు ముఖం తిప్పుకుంది. "తలుపు మీద కాగితం చదివావా, లేదా బాబాయ్?"

"చదివాను."

"చదివి కూడా వచ్చావా?"

"వచ్చాను." ఆయన వార్డెన్ వైపు చూశాడు. "మేడమ్‌కి తెలుసు. నాలుగేళ్ల కింద నేను డ్యూటీ చేసే ఇంట్లో ఒక కుర్రాడు చదువు గదిలో తలుపేసుకుని చదువుకుంటున్నాడు. చదువుకునేవాణ్ని ఎందుకులే కదపడం అని నేను వెళ్లలేదు. వాడికి ఫిట్స్ వచ్చాయి. అయిదు గంటల తర్వాత తలుపు తీశాను. బతికాడు, కానీ కుడి చెయ్యి రాదు వాడికి. ఏడో రూలు ఆ తర్వాతే వచ్చింది. నీ కాగితం కాదు తల్లీ, ఆ తలుపు మీద ఏం రాసి ఉన్నా నేను లోపలికి వస్తాను."

 రేడియో మెడలోంచి హెడ్‌ఫోన్ తీసి చేతిలో పట్టుకుంది.

"అయితే తలుపుకి అద్దం పెట్టాలి కదా" అంది ప్లీడరు.  "నాలుగేళ్లు బాబాయ్. ఆ కుర్రాడికి అలా అయ్యాక నాలుగేళ్లున్నాయి. రూలు రాయడానికి వాళ్లకి కాగితం దొరికింది. అద్దం ముక్క దొరకలేదా? నిన్ను చెప్పులిప్పించి దొంగలా నడిపించారు. నన్ను రోడ్డున పడేస్తున్నారు. ఇప్పుడు తప్పు నీదా నాదా అని మనిద్దరం తేల్చుకోవాలా?"

బాబాయ్ తెల్ల కాగితం అడిగాడు. లోపలికి వచ్చి, నిలబడే బల్ల మీద వంగి రాశాడు. రాయడానికి పది నిమిషాలు పట్టింది.

పరీక్ష సంగతి నాకు ముందే తెలుసు. తలుపు మీద కాగితం చదివాను. అయినా పదిన్నరకి లోపలికి వెళ్లాను. వెళ్లాలని మా సంస్థ రూలు. అమ్మాయి తప్పు ఏమీ లేదు.

కింద సంతకం చేసి వార్డెన్ ముందు పెట్టాడు.

"ఇది పంపితే నిన్ను పిలవడం మానేస్తారు" అంది వార్డెన్. "నువ్వు పర్మనెంటు కూడా కాదు."

"మానేస్తే మానేస్తారు. ఈ మాట నాలుగేళ్ల కిందే ఎవరో ఒకరు రాసుండాల్సింది."

"నీ సంతకం ఒక్కటే చాలదు. సంస్థ ముద్ర ఉండాలి."

"ఆ ముద్ర మీ సొరుగులోనే ఉంది మేడమ్" అంది ప్లీడరు.

వార్డెన్ బాబాయ్ కాగితాన్ని రెండోసారి చదివింది. తను టైపు చేసిన కాగితాన్ని తీసి, మడిచి, చెత్తబుట్టలో వేసింది. ప్లీడరు పరీక్షకి ముందే ఇచ్చిన అర్జీని ఫైల్లోంచి బయటికి లాగింది. రెండిటి మీదా ముద్ర వేసి, సంతకం చేసి, స్కాన్ చేసి పంపింది. అప్పటికి టైము నాలుగూ నలభై ఎనిమిది.

శనివారం బోర్డు నుంచి జవాబు వచ్చింది. బుధవారం ఉదయం పదికి మళ్లీ రాయొచ్చు. రద్దయితే ఇంకో అవకాశం లేదు.

సోమవారం పై ఆఫీసు నుంచి కూడా జవాబు వచ్చింది. అది ప్లీడరు అర్జీకి కాదు. ఇటీవలి సంఘటన దృష్ట్యా, తదుపరి మార్గదర్శకాలు వెలువడే వరకు చదువు గది వినియోగం నిలిపివేయడమైనది. తాళం చెవి కవరులో పెట్టి పంపమన్నారు. మధ్యాహ్నానికల్లా మనిషి వచ్చి తీసుకెళ్లాడు.

"అద్దం అడిగితే తాళం ఇచ్చారు" అంది రేడియో. "ఇంకేమైనా అడుగుదామా, ఇల్లు కూడా మూసేస్తారేమో."



బుధవారం తొమ్మిదిన్నరకి వార్డెన్ ప్లీడరుని తన ఆఫీసు గదిలోకి పిలిచింది. నివాసులు ఆఫీసు గదిలో ఒంటరిగా ఉండకూడదని కూడా ఒక రూలు ఉంది. ఫైళ్లు, తాళాలు అందులోనే ఉంటాయి. వార్డెన్ బల్ల ఖాళీ చేసింది. ఫోన్ వైరు గోడ నుంచి పీకేసింది. కుర్చీ బయటికి తెచ్చి, తలుపు మూసి, వరండాలో తలుపుకి అడ్డంగా కూర్చుంది. ఒళ్లో చదువు గది రిజిస్టర్ పెట్టుకుంది.

పదిన్నరకి సంతకం చేసింది. చూశాను, క్షేమం. ఆమె చూడలేదు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో చూడనిది చూశానని రాయడం అదే మొదటిసారి. రాశాక చెవి తలుపుకి ఆనించి విన్నది. కుర్చీ కదిలిన చప్పుడు వచ్చింది. పదకొండుకి మళ్లీ సంతకం చేసింది, మళ్లీ విన్నది. పదకొండూ ఇరవైకి జేబులో మొబైల్ అదిరింది. పై ఆఫీసు అధికారి. ఆమె లేచి మెట్ల దాకా వెళ్లింది, తలుపు మీంచి చూపు తిప్పకుండా.

"ఆఫీసు ఫోన్ ఎత్తట్లేదేంటి? ఎక్కడున్నారు?"

"ఆఫీసు దగ్గరే సార్. లైను పనిచేయట్లేదు."

"ఆ శుక్రవారం కాగితం గురించి మీరు వివరణ రాసి పంపాలి."

"పంపుతాను సార్. పన్నెండు దాటాక."

"పన్నెండు దాకా ఏం పని?"

"సంతకాలు పెడుతున్నాను సార్" అని ఫోన్ పెట్టేసింది.

పదకొండున్నర, పన్నెండు. మొత్తం నాలుగు సంతకాలు.

పన్నెండూ రెండుకి తలుపు తెరుచుకుంది. ప్లీడరు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎలా రాశావ్?"

"డెబ్భై ఆరు రాశాను. నాలుగు రాలేదు, వదిలేశాను. మధ్యలో ఏం కాలేదు. జవాబులు అందాయని తెర మీద వచ్చింది."

"హమ్మయ్య" అంది వార్డెన్. కుర్చీలోంచి లేవలేదు.

ప్లీడరు కూడా కదల్లేదు. "పై నెల రేడియోకి పరీక్షలు మేడమ్. దూరవిద్య డిగ్రీ. నాలుగు పేపర్లు. ఎక్కడ రాస్తుంది?"

"ఒక్క పూట ఊపిరి పీల్చుకోనివ్వవా నన్ను?"

"మీ ఆఫీసు గదిలో నాలుగు పేపర్లు రాయనిస్తారా? తర్వాత మూడో అంతస్తులో బేకరీకి వెళ్లే పిల్లకి ఉంది. ఆ పిల్లకీ మీరే బయట కూర్చుంటారా?"

"మళ్లీ రాసివ్వు. పంపిస్తాను."

"రాయను మేడమ్. ఒకసారి రాస్తే గదికి తాళం పడింది. ఈసారి వాళ్లనే రమ్మనండి. ఆ గది చూడ్డానికి ముప్ఫై ఒక్కసార్లు వచ్చారు కదా, ఇంకోసారి రమ్మనండి. వాళ్లలో ఒకర్ని లోపల కూర్చోబెట్టి, తలుపేసి, చేతికి ఎనభై ప్రశ్నలు ఇద్దాం. అరగంటకోసారి మేం వెళ్తాం. చెప్పులు విప్పే వెళ్తాంలెండి."

వార్డెన్ ఆమె ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో తమాషా ఏమీ కనిపించలేదు. రిజిస్టర్ మూసి, లోపలికి వెళ్లి, ఫోన్ వైరు గోడకి పెట్టింది.

"మీరందరూ ఇంట్లో ఉండే రోజు ఏది?" అని అడిగింది.

"ఆదివారం."

"ఆదివారం వాళ్లకి సెలవు."

"మాకూ సెలవే మేడమ్. మేం ఉంటున్నాం కదా."

వార్డెన్ రిసీవర్ ఎత్తి పై ఆఫీసు నంబరు నొక్కింది. ప్లీడరు గుమ్మంలోనే నిలబడి ఉంది.